ఐదో పాస్‌పోర్టు

పిల్లల పరీక్షలు మార్చి మూడో వారంలో అయిపోతాయి. కొత్త తరగతులు ఏప్రిల్ మొదట్లో. ఆ మధ్య దొరికే పది రోజుల్లో టోక్యో చూసి రావాలని నిరుడు దసరాకే అనుకున్నాం. అక్కడ చెర్రీ పూలు విచ్చుకునేదీ అప్పుడే.

ఆ ఊళ్ళో పూలకాలం వచ్చిందని చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. యసుకుని మందిరం ఆవరణలో గుర్తుగా పెట్టుకున్న చెర్రీ చెట్టొకటి ఉంటుంది. వాతావరణ శాఖ వాళ్ళు వచ్చి, ఆ చెట్టుకి ఐదారు పూలు విచ్చుకున్నాయని లెక్కపెట్టాకే టోక్యోలో పూలు మొదలయ్యాయని ప్రకటిస్తారు. అది చదవగానే ఆ ఊరి మీద నాకు గురి కుదిరింది. నా ఉద్యోగం కూడా లెక్కలూ పట్టికలే. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పటికి అవ్వాలో ముందే రాసిపెట్టడం, రాసింది రాసినట్టు జరిగేలా చూడటం.

రోజూ రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చునేవాణ్ణి. టేబుల్‌కి పది అడుగుల దూరంలో అమ్మ గది. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. తొమ్మిదేళ్ళ మా పాప ఆ వేళకి నానమ్మ మంచం మీద చేరి, కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె ఆవిడ మోకాలికి రాసేది. రాసినంతసేపూ ఇద్దరికీ కబుర్లే. గది తలుపు తెరిచే ఉండేది. నేను టోక్యో పటంలో మునిగి ఉంటే ఆ కర్పూరం వాసన వచ్చి తగిలేది.

అమ్మ మోకాలు అరిగిందని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది. ఆ రోజు నాకు ఆఫీసులో మీటింగు ఉంటే అక్క తీసుకెళ్ళింది. డబ్బు నేనిచ్చాను. మోకాలికి వేసుకునే బెల్టు కూడా నేనే ఆన్‌లైన్‌లో తెప్పించాను. చీర కుచ్చిళ్ళ కింద అది వేసుకుని ఇల్లంతా తిరుగుతుంది అమ్మ. అడిగితే "బాగానే ఉందిరా" అంటుంది.

వీసా కాగితాలు సిద్ధం చేసిన రోజు ఇంకా గుర్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను పత్రాలు, ఫొటోలు అన్నీ టేబుల్ మీద పరిచాను. నాది, మా ఆవిడది, బాబుది, పాపది, నాలుగు పాస్‌పోర్టులు వరసగా పెట్టి, జిరాక్సుల కోసం కిందికి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి ఐదు ఉన్నాయి.

ఐదోది అమ్మది. ఆరేళ్ళ కిందట చెల్లెలి పురిటికి అమెరికా వెళ్ళినప్పుడు తీయించింది. పాపది పక్కనే, మిగతా నాలుగింటితో సమానంగా, అంచులు కలిసేలా పెట్టి ఉంది.

అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అమ్మా, అక్కడ నడక చాలా ఎక్కువ" అన్నాను. "రోజుకి ఇరవై వేల అడుగులు పడతాయి. స్టేషన్లలో మెట్లు. నీ మోకాలితో కష్టం."

"ఆఁ, నేనెక్కడ నడుస్తాను? బీరువా సర్దుతుంటే కనిపించింది, అక్కడ పెట్టానంతే" అంది. చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చి పాస్‌పోర్టు తీసుకుని గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

నేను మళ్ళీ పట్టికలో పడ్డాను. జపాన్ వీసాకి దరఖాస్తుతోపాటు ఏ రోజు ఎక్కడ ఉంటామో, ఏం చూస్తామో తేదీలవారీగా రాసిన కార్యక్రమ పత్రం కూడా ఇవ్వాలి. చాలామంది ఒక్కో రోజుకి ఒక్కో ముక్క రాసి ఇచ్చేస్తారు. నేను గంటగంటకీ రాశాను.

బస ఎక్కడ అన్నది మొదటి ప్రశ్న. టోక్యో నడిబొడ్డును చుట్టి వచ్చే యమనోతె రైలుమార్గం 34.5 కిలోమీటర్ల వలయం. 30 స్టేషన్లు. ఒక చుట్టు తిరిగి రావడానికి గంట పడుతుంది. ఆ వలయం మీద ఏదో ఒక స్టేషన్ పక్కన గది దొరికితే ఊరు చేతికందినట్టే. నరిత విమానాశ్రయం నుంచి స్కైలైనర్ రైలెక్కితే ముప్పావుగంటలో ఉయెనో చేరొచ్చు. ఉయెనో ఆ వలయం మీదే ఉంది. పక్కనే పూలచెట్లతో నిండిన పెద్ద పార్కు. కాబట్టి బస ఉయెనోలో.

బుల్లెట్ రైలు పాసు తీసుకోవాలా వద్దా అన్నది రెండో లెక్క. ఏడు రోజుల పాసు 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000 యెన్‌లకు పెరిగింది. మేం టోక్యో దాటి ఎక్కువ తిరగం. పాసు వద్దు, డబ్బు వేసుకుని రైళ్ళలో వాడుకునే సుయికా కార్డులు చాలు. బాబుకి పన్నెండు దాటాయి కాబట్టి పూర్తి చార్జీ, పాపకి సగం. పాపకి పిల్లల కార్డు వేరుగా తీసుకోవాలి.

షింజుకు స్టేషన్‌కి ఒక పేజీ కేటాయించాను. ప్రపంచంలో అన్నిటికన్నా రద్దీ స్టేషన్‌గా గిన్నిస్ రికార్డు దానిది. బయటికి పోయే దారులే 200కు పైగా ఉన్నాయి. ఒక దారి బదులు ఇంకో దారిన బయటపడితే అరగంట నడక. మనం దిగాక మెట్లు దగ్గరగా ఉండాలంటే రైల్లో ఎన్నో పెట్టె ఎక్కాలో చెప్పే యాప్‌లు అక్కడ ఉన్నాయి. ప్రతి ప్రయాణానికీ ఆ పెట్టె నంబరు కూడా రాసుకున్నాను. టోక్యోలో ఎస్కలేటరు మీద ఎడమవైపు నిలబడి, కుడివైపు వదిలేస్తారు. ఒసాకాలో తిరగేసి, కుడివైపు నిలబడతారు. ఆ తేడా కూడా రాసుకున్నాను.

శనివారం మేం మాంసం, చేప ముట్టం. చూడటానికి ఉత్త కూరగాయల పులుసులా కనిపించే దానిలోనూ ఎండుచేప తురుముతో కాచిన దషి అనే రసం పోస్తారని తెలిసి, ఆ ఒక్కరోజు భోజనం నిషికసాయిలో పెట్టాను. 2000 సంవత్సరం ముందు నుంచీ కంప్యూటరు ఉద్యోగాలకి వెళ్ళిన మనవాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. మన తిండి దొరుకుతుంది. బాబు కోసం 634 మీటర్ల స్కైట్రీ. ఆ అంకెల్ని జపాను భాషలో ము, స, షి అని చదవొచ్చు, ఆ ప్రాంతం పాత పేరు ముసషి, అందుకే సరిగ్గా అంత ఎత్తు కట్టారని చెబితే వాడి కళ్ళు మెరిశాయి.

అమ్మ అప్పుడప్పుడు వచ్చి నా కుర్చీ వెనక నిలబడేది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి తెర మీద పటం చూసేది.

"అక్కడ గుళ్ళుంటాయిరా?"

"బోలెడు. అసకుసాలో సెన్సోజీ అని ఉంది. పదమూడు వందల ఏళ్ళ పైచిలుకు చరిత్ర ఉన్న గుడి."

"ఏ దేవుడు?"

"కన్నోన్ అంటారు. మన అవలోకితేశ్వరుడే. ఇక్కణ్ణుంచే చైనా మీదుగా అక్కడికి చేరాడు."

"మన దేవుడే అంత దూరం వెళ్ళాడన్నమాట" అని కాసేపు చూసి, కుర్చీ వదిలి నెమ్మదిగా గదిలోకి వెళ్ళేది.

ఆ మాటే నన్ను సుగమోకి తీసుకెళ్ళింది. కన్నోన్ గుళ్ళ కోసం వెతుకుతుంటే దొరికింది. యమనోతె మార్గంలో ఉయెనో నుంచి ఆరో స్టేషన్. కుర్రకారు ఫ్యాషన్లకి హరాజుకు ఎలాగో, పెద్దవాళ్ళకి సుగమో అలాగ. "బామ్మల హరాజుకు" అని దానికి పేరు. అక్కడ కొగంజి అనే గుడి ఉంది. 1596లో వేరేచోట వెలసి, 1891లో సుగమోకి వచ్చింది. గుళ్ళో దేవుడు జిజో, అంటే మన క్షితిగర్భ బోధిసత్వుడు. ముల్లు తీసే జిజో అంటారు. వెనకటికి ఒక పనమ్మాయి పొరపాటున సూది మింగేస్తే, జిజో బొమ్మ అచ్చేసిన చిన్న కాగితాన్ని నీళ్ళతో మింగించారట. సూది ఆ కాగితానికి గుచ్చుకుని బయటికొచ్చిందట.

ఆవరణలో ఒక కన్నోన్ రాతి విగ్రహం ఉంది. మన ఒంట్లో ఎక్కడ నొప్పో, విగ్రహానికి అక్కడ నీళ్ళు పోసి తెల్లటి గుడ్డతో తుడవాలి. నొప్పి పోతుందని నమ్మకం. ఒకప్పుడు పీచు బ్రష్షుతో రుద్దేవారు. తరాల తరబడి రుద్దీ రుద్దీ పాత విగ్రహం ముఖమే అరిగిపోయింది. ఇప్పుడున్నది కొత్తది, దాన్ని గుడ్డతో మాత్రమే తుడవాలి. నెలలో 4, 14, 24 తేదీల్లో అక్కడ జాతర.

మా ప్రయాణంలో 24 ఉంది. ఆ రోజు పొద్దున్న ఉయెనో పార్కుకని రాసుకున్న గడిలో మార్పు చేశాను. మా ఆవిడ, పిల్లలు పార్కులో ఉంటారు. నేనొక్కణ్ణి సుగమో వెళ్ళి, రెండు గంటల్లో తిరిగొచ్చి వాళ్ళని కలుస్తాను. ఆ గడిలో "అమ్మ" అని రాశాను. అన్ని పేజీల పట్టికలో ఆ మాట అదొక్కచోటే ఉంది. రాసి, చాలాసేపు తృప్తిగా చూసుకున్నాను.

ప్రయాణం అనుకున్నట్టే జరిగింది. రైళ్ళు నేను రాసుకున్న నిమిషానికే వచ్చాయి. షింజుకులో ఒక్కసారి కూడా దారి తప్పలేదు. అమ్మ ఇంట్లోనే ఉంది, మొక్కలకి నీళ్ళు పోస్తూ. అక్క రోజు విడిచి రోజు వచ్చి చూసి వెళ్ళేది.

24న పొద్దున్నే సుగమోలో దిగాను. దిగగానే కాళ్ళు ఆగిపోయాయి.

దాదాపు 800 మీటర్ల పొడవున్న వీధి. వాహనాలు లేవు. వీధి నిండా అమ్మలే. చేతికర్ర పట్టుకున్నవాళ్ళు, చక్రాల బండిని ముందు తోసుకుంటూ, అలసినప్పుడు దాని మీదే కూర్చుంటున్నవాళ్ళు, నడుం పూర్తిగా వంగినవాళ్ళు. ఒకావిడని చక్రాల కుర్చీలో కొడుకు తోసుకొస్తున్నాడు. నేలమీద గడ్డలు లేవు, గోతులు లేవు. ఎండుచేపలు, ఊరగాయలు, ఉప్పు కలిపిన పప్పు ముద్ద లోపల పెట్టిన తెల్లటి బియ్యపు ఉండలు అమ్ముతున్నారు. ఎర్రరంగు ఒంటికి వెచ్చదనం, ఆరోగ్యం ఇస్తుందని ఎర్రటి లోదుస్తులు, మేజోళ్ళు మాత్రమే అమ్మే దుకాణం ఉంది. అమ్మ కోసం ఒక జత ఎర్ర మేజోళ్ళు తీసుకున్నాను. సైజు అడిగితే మధ్యరకం చూపించాను.

అంతకు ముందు నాలుగు రోజుల్లో కళ్ళబడినవన్నీ అక్కడ నిలబడినప్పుడు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. దాదాపు ప్రతి స్టేషన్‌లోనూ లిఫ్టు ఉంది. చక్రాల కుర్చీలో ఎవరైనా వస్తే స్టేషన్ ఉద్యోగి మడత పలక తెచ్చి, ప్లాట్‌ఫారానికీ రైలుకీ మధ్య వేసి ఎక్కించి, దిగే స్టేషన్‌కి ముందే కబురు చెబుతాడు. అక్కడ ఇంకొకరు పలకతో ఎదురుచూస్తూ ఉంటారు. రైళ్ళలో పెద్దవాళ్ళకి ప్రత్యేకం సీట్లు 1973లోనే, పెద్దల్ని గౌరవించే పండుగ రోజు చూసి మరీ మొదలుపెట్టారు. నేను ఆరు నెలలపాటు మెట్లు లెక్కపెట్టాను. లిఫ్టులు లెక్కపెట్టలేదు. అమ్మ రాలేని ఊరు కాదిది. అమ్మ నెమ్మదిగా, నాలుగు చోట్ల కూర్చుని లేస్తూ తిరగగలిగిన ఊరు. ఇరవై వేల అడుగులు ఊరు పెట్టిన నియమం కాదు, నా పట్టిక పెట్టింది.

గుళ్ళో వరస ఆవరణ చుట్టూ తిరిగి ఉంది. నిలబడ్డాను. నా ముందున్న ముసలావిడ భుజం కడిగింది, నడుం కడిగింది, ఆఖరున విగ్రహం ముఖం మీద చల్లగా చెయ్యి వేసి నిమిరింది. పక్కకి జరుగుతూ నా వైపు చూసి, ఇంత చిన్నవాడికి ఏం నొప్పి అన్నట్టు తల ఊపింది. "ఒకాసాన్" అన్నాను. అమ్మ అని. మోకాలు చూపించాను. ఆవిడ గట్టిగా కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించింది, నాకో, అమ్మకో.

విగ్రహం నాకు ఎదురుగా ఉంది. ఎదురుగా ఉన్నప్పుడు దాని కుడి నాకు ఎడమవైపు అవుతుంది. ఇంత దూరం వచ్చి పొరపాటు చెయ్యకూడదని విగ్రహం నిలబడిన వైపుకే నేనూ ఒకసారి తిరిగి నిలబడి, వైపు సరిచూసుకున్నాను. మళ్ళీ ఎదురుగా వచ్చి మూడు గరిటెల నీళ్ళు పోశాను. గుడ్డతో మోకాలు పైనించి కిందికి తుడిచాను. నీళ్ళు మంచులా ఉన్నాయి. రాయి మాత్రం, అంతమంది చేతులు తగిలినందుకేమో, మెత్తగా అనిపించింది. కళ్ళు నిండి, ముందున్నది ఏమీ కనిపించలేదు.

బయటికి రాగానే అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ పదకొండు, హైదరాబాద్‌లో ఏడున్నర. కాఫీ తాగుతోంది.

"అమ్మా, నీ కోసం ఒక గుడికి వచ్చాను. ఎక్కడ నొప్పి ఉంటే దేవతకి అక్కడ కడగాలి. నీ కుడి మోకాలికి మూడుసార్లు నీళ్ళు పోసి తుడిచానమ్మా. వైపు మారిపోకుండా సరిచూసుకుని మరీ చేశాను."

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. అమ్మకి గొంతు పూడుకుపోయి ఉంటుందనుకున్నాను. నాకూ పూడుకుపోయింది.

"మా నాయనే" అంది చివరికి. "నా కోసం వరసలో నిలబడ్డావా? ఇక తగ్గిపోతుందిలే. చలిలో తిరక్కు."

"ఈసారి నిన్ను తీసుకొస్తానమ్మా. ఇక్కడ అన్నిచోట్లా లిఫ్టులున్నాయి."

"అలాగేలే. పిల్లలు జాగ్రత్త."

29న రాత్రి ఇల్లు చేరాం. తలుపు అమ్మే తీసింది. "నొప్పి ఎలా ఉంది?" అన్నది నా మొదటి మాట. "సగం తగ్గిందిరా, నీ చెయ్యి మంచిది" అంది. సోఫాలో కూర్చునేటప్పుడు చీర కాస్త పైకి జరిగింది. కుడి మోకాలికి బెల్టు కనిపించింది. నేను కడిగిన మోకాలే. సగం తగ్గిందన్న మాట చెవుల్లో తిరుగుతుంటే పది రోజుల అలసట పోయినట్టయింది. ఆరు నెలల పట్టికలో అన్నిటికన్నా విలువైనది ఆ రెండు గంటల గడే అనిపించింది.

భోజనాలయ్యాయి. పెట్టెలోంచి ఎర్ర మేజోళ్ళు, జిజో బొమ్మల కాగితాలు తీసుకుని అమ్మ గది వైపు నడిచాను. కర్పూరం వాసన గుమ్మం దాకా వచ్చింది. పాప అప్పటికే మంచం ఎక్కి, నూనె గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"నానమ్మా, బెల్టు ఈ కాలికి పెట్టుకున్నావేంటి? నీకు నొప్పి ఎడమకాలు కదా!"

నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"ష్... మెల్లగా" అంది అమ్మ. "మీ నాన్న అంత దూరం వెళ్ళి కడిగొచ్చింది ఈ కాలే తల్లీ."